నా బంతికి ఒక బెజ్జం ఎక్కువట! ఈ బౌలింగ్ రూల్సు అసలు ఎవరు రాశారు?

గచ్చిబౌలర్
గురువారం నుంచి మనసు బాగోలేదు, ఇక్కడ కక్కేస్తా. మేం డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉంటాం. ఆఫీసు వాళ్లం నలుగురం, అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కలిసి, బంతి దొర్లించి అవతలి చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే బౌలింగ్ లీగ్‌లో చేరాం. బూట్లు అద్దెకు తీసుకుని, పిట్జా తిని, ఫొటోలు దిగి వచ్చే రకం కాదు, వారం వారం స్కోర్లు రాసుకునే పద్ధతైన లీగ్. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన గరాజ్ సేల్‌లో నాకు పది డాలర్లకే ఓ పాత బంతి దొరికింది. నల్లగా నిగనిగలాడుతూ, పదిహేను పౌన్లు. సంబరంగా పట్టుకెళ్లా.

లీగ్ సెక్రటరీ డెబ్బై దాటిన పెద్దాయన. బంతిని ఒళ్లో పెట్టుకుని, సంతలో పుచ్చకాయ బేరం చేసేవాడిలా అటూ ఇటూ తిప్పి, "వేళ్లకి మూడు బెజ్జాలు సరే, పక్కన ఈ నాలుగోది ఏంటి?" అన్నాడు. గాలి ఆడటానికేమో అన్నా. నవ్వలేదు. 2020 ఆగస్టు నుంచి వేలు పెట్టని బెజ్జం ఉన్న బంతి లీగుల్లో చెల్లదట. ఆ రాత్రంతా వాళ్ల ర్యాక్‌లో ఉన్న బంతితో ఆడి 94 కొట్టా. మా టీమ్ పరువు పోయింది.

నా ప్రశ్న ఒక్కటే. బంతికి ఎన్ని బెజ్జాలుండాలో చెప్పే అధికారం వీళ్లకెవరిచ్చారు? ఎప్పటి నుంచి?

స్లిప్‌లో_ఫీల్డర్
టైటిల్ చూసి బాల్ ట్యాంపరింగ్ కేసనుకుని పరిగెత్తుకొచ్చా. నిరాశపరిచారు.

బెజవాడ_బుజ్జి
గచ్చిబౌలర్ అని పేరు పెట్టుకుని 94 కొట్టావా అన్నా. పేరు మార్చుకో.

పాతకాగితాలు
ప్రశ్న మంచిది, కాస్త పెద్ద జవాబే ఉంది.

అమెరికాలో 1800ల నడిమికి ఈ ఆట ఊరికో రకంగా ఉండేది. ఒక ఊళ్లో లేన్, అంటే బంతి దొర్లే బాట, పొడుగు, ఇంకో ఊళ్లో పొట్టి. పిన్నుల ఎత్తు, లావు, మధ్య దూరం ఎవరిష్టం వాళ్లది. కొన్నిచోట్ల ఒక్కో వంతుకి మూడు బంతులు వేసేవాళ్లు, ఆ పద్ధతిలో అత్యధిక స్కోరు 200. బంతులన్నీ చెక్కవే, లిగ్నమ్ వైటీ అనే ఇనుములాంటి కలపతో చేసేవాళ్లు. చికాగో వాడు న్యూయార్క్ వచ్చి ఆడితే ముందు గంటసేపు రూల్సు మీద తగువు, తర్వాతే ఆట.

1875లో న్యూయార్క్, బ్రూక్లిన్ క్లబ్బుల వాళ్లు కూర్చుని నేషనల్ బౌలింగ్ అసోసియేషన్ అని ఒకటి పెట్టారు. కొన్ని రూల్సు రాశారు కానీ మిగతా ఊళ్ల వాళ్లు పట్టించుకోలేదు. 1890లో అమెరికన్ అమెచ్యూర్ బౌలింగ్ యూనియన్ వచ్చింది. అదీ నిలవలేదు. చివరికి 1895 సెప్టెంబర్ 9న న్యూయార్క్‌లోని బీథోవెన్ హాల్లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ పుట్టింది. ఇదే గట్టిగా నిలబడింది. గేముకి అత్యధిక స్కోరు 300, పిన్నుకీ పిన్నుకీ మధ్య పన్నెండు అంగుళాలు, బంతి బరువు పదహారు పౌన్లు మించకూడదు, ఇవన్నీ అక్కడ కుదిరినవే. మీ సెక్రటరీ గారి తాతల నాటి తగువండీ ఇది.

రాజమండ్రి_రాంబాబు
1875లో ఒకటి, 1890లో ఒకటి, 1895లో ఇంకోటి. అమెరికాలో మనవాళ్లు పెట్టుకున్న తెలుగు సంఘాల చరిత్ర చదువుతున్నట్టే ఉంది.

బెజవాడ_బుజ్జి
@రాజమండ్రి_రాంబాబు తేడా ఏంటంటే వాళ్లది మూడోసారికైనా కుదిరింది.

కోడ్_కూలీ
ఎన్‌బీఏ అంటే బాస్కెట్‌బాల్ కాదా 1875లో?

పాతకాగితాలు
@కోడ్_కూలీ బాస్కెట్‌బాల్ అనే ఆటే 1891లో పుట్టింది బాబూ.

శాన్‌ఆంటోనియో_శీను
నేను విన్న కథ వేరు. మొదట తొమ్మిది పిన్నుల ఆటే ఉండేదట, జర్మన్లు తెచ్చింది. దాని మీద పందేలు ఎక్కువైపోయి 1841లో కనెక్టికట్‌లో నిషేధించారు. చట్టంలో "తొమ్మిది పిన్నులు" అని రాశారు కదా, మన తెలివైనవాడు ఎవడో పదోది నిలబెట్టి "ఇది వేరే ఆట సార్" అన్నాడట. అలా పది పిన్నులొచ్చాయి.

స్లిప్‌లో_ఫీల్డర్
వాడెవడో కచ్చితంగా మనోడే. పూర్వజన్మలో.

పాతకాగితాలు
@శాన్‌ఆంటోనియో_శీను కథ బాగుంటుంది, చట్టం నిజమే, కానీ పదో పిన్ను ఆ చట్టం వల్లే పుట్టిందంటే నేను ఒప్పుకోను. 1841 కంటే ముందే పది పిన్నుల ఆట ప్రస్తావనలు ఉన్నాయి. నిషేధం వల్ల జోరు పెరిగి ఉండొచ్చు, అంతే.

శాన్‌ఆంటోనియో_శీను
సరే, చరిత్ర మీకు వదిలేస్తా. తొమ్మిది పిన్నులు ఇంకా చావలేదని మాత్రం నా కళ్లతో చూశా. శాన్ ఆంటోనియో చుట్టుపక్కల, న్యూ బ్రాన్‌ఫెల్స్ వైపు పాత జర్మన్ పల్లెల్లో క్లబ్బులున్నాయి. మా మేనేజర్ ఒకసారి తీసుకెళ్లాడు. మధ్యలో ఒక ఎర్ర పిన్ను. చుట్టూ ఎనిమిదీ పడి ఆ ఎర్రది ఒక్కటే నిలబడితే పన్నెండు పాయింట్లు, మొత్తం తొమ్మిదీ పడితే తొమ్మిదే! ఎక్కువ పడగొడితే తక్కువ మార్కులు, నాకు బుర్ర తిరిగింది. టీమ్‌కి ఆరుగురు, ఎవరు ఎప్పుడు వేయాలో కెప్టెన్ చెప్తాడు. పిన్నులు నిలబెట్టేది మెషీన్ కాదు, అవతలి చివర పిల్లలు కూర్చుని చేత్తో పెడతారు.

పెంకులాట
మా ఊళ్లో ఏడు పెంకులాట ఇంతే కదా. మా వీధిలో బంతి మోకాలి కింద తగిలితేనే ఔట్, చెరువుగట్టు వాళ్లకి ఎక్కడ తగిలినా ఔట్. రెండు వీధులూ కలిసి ఆడిన ప్రతిసారీ తలలు పగిలేవి. ఒక్క బీథోవెన్ హాలు మాకూ ఉండుంటే...

గచ్చిబౌలర్
శీను అన్నా, పన్నెండు పాయింట్ల సంగతి అదిరింది. సరే, మొదటి టోర్నమెంట్ ఎప్పుడు? రూల్సు రాసేసి ఇళ్లకెళ్లిపోయారా?

మిల్వాకీ_మావయ్య
నేను 1988 నుంచి మిల్వాకీలో ఉన్నా. పాత బౌలింగ్ కాంగ్రెస్ ఆఫీసు దశాబ్దాల పాటు మా దగ్గరే ఉండేది. అబ్రహాం లాంగ్‌ట్రీ అని ఈ ఊరాయన పాతికేళ్లు కార్యదర్శిగా చేశాడు. ఇక్కడ చలికి ఆరు నెలలు బయట తిరగలేం, అందుకే వీధికో బార్, బార్‌కో లేన్.

మొదటి జాతీయ టోర్నమెంట్ 1901 జనవరిలో చికాగోలో. తొమ్మిది రాష్ట్రాల నుంచి 41 టీములు, మొత్తం బహుమతి సొమ్ము 1,592 డాలర్లు. అయిదుగురి టీమ్ పోటీ, జంటలు, సింగిల్స్ అని విభాగాలు. సింగిల్స్ చికాగో ఆటగాడు ఫ్రాంక్ బ్రిల్ కొట్టాడు, మూడు గేముల్లో 648. అంటే సగటున గేముకి 216. చెక్క బంతితో, చేత్తో నిలబెట్టిన పిన్నుల మీద!

బెజవాడ_బుజ్జి
216ని 94తో పోల్చమని ఎవరూ అడగలేదు మావయ్యా, కానీ నేను పోల్చేశా.

గచ్చిబౌలర్
@బెజవాడ_బుజ్జి ఒక్క బెజ్జం ఎక్కువున్నందుకు ఇంత అవమానం...

కోడ్_కూలీ
1895లో సంఘం, 1901లో టోర్నమెంట్. ఆరేళ్లు ఏం చేశారు?

పాతకాగితాలు
@కోడ్_కూలీ రూల్సు అందరి చేతా ఒప్పించడానికే అంతసేపు పట్టింది. ఇక్కడ ఒకాయన పేరు చెప్పాలి, జో థమ్. బవేరియా నుంచి వచ్చి న్యూయార్క్‌లో గ్రీన్‌విచ్ స్ట్రీట్‌లో హోటల్ నడిపేవాడు. 1886లో ఆ హోటల్ నేలమాళిగలో లేన్లు వేశాడు. తినడానికొచ్చిన వాళ్లు ఆడటం మొదలెట్టారు, ఆడటానికొచ్చిన వాళ్లు తాగడం మొదలెట్టారు. లాభం చూసి 1891లో జర్మేనియా హాల్లో ఆరు లేన్లు వేశాడు. క్లబ్బుల వాళ్లని పోగేసి 1895 సమావేశం జరిపించింది ఈయనే.

నా ఉద్దేశం ఏంటంటే, రూల్సు ఒకటి కావాలని ఆటగాళ్ల కంటే లేన్ల యజమానులకే ఎక్కువ ఆత్రం. పక్క ఊరి టీములు వచ్చి పోటీ పడితే బీరు అమ్ముడవుతుంది. పోటీ జరగాలంటే తగువు ఉండకూడదు.

మిల్వాకీ_మావయ్య
@పాతకాగితాలు సగమే ఒప్పుకుంటా. వ్యాపారం ఉంది, కాదనను. కానీ క్లబ్బుల్లో ఆడేవాళ్లు కసాయివాళ్లు, వడ్రంగులు, గుమాస్తాలు. వారమంతా పని చేసి వచ్చి ఆడేవాడికి తన 200, పక్క ఊరోడి 200 ఒకటే అవునా కాదా అన్నది చాలా పెద్ద విషయం. 1902లో ఎర్నెస్ట్ ఫోస్‌బర్గ్ అనే ఆయన ఇల్లినాయిలో కొట్టిన 300 ఇప్పటికీ లెక్కల్లో ఉంది. సంఘం లేకపోతే అది కల్లు పాకలో చెప్పుకునే కబురై పోయేది.

రాజమండ్రి_రాంబాబు
మా బాబాయి 1983లో ఒకే గేలానికి రెండు పులసలు పట్టాడు. సంఘం లేదు, రికార్డు లేదు. ఎవరూ నమ్మరు.

లత_సెయింట్‌లూయిస్
మగవాళ్ల కథ చాలాసేపు నడిచింది. 1901 టోర్నమెంట్‌లో ఆడవాళ్లు లేరు, ఆ కాంగ్రెస్ సభ్యత్వం మగవాళ్లకే. ఆడవాళ్లు అప్పటికే ఆడుతున్నారు, కొన్నిచోట్ల లేన్ల ముందు తెర కట్టి మరీ ఆడించేవాళ్లు, ఎవరి కంటా పడకుండా. 1916 నవంబర్‌లో మా ఊళ్లోనే డెనిస్ స్వీనీ అనే ఆయన లేన్లలో నలభై మంది ఆడవాళ్లు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి టోర్నమెంట్ ఆడుకున్నారు. బహుమతి సొమ్మంతా కలిపి 222 డాలర్లు. ఆట అవ్వగానే కూర్చుని సొంత సంఘం పెట్టేసుకున్నారు. అదే తర్వాత విమెన్స్ ఇంటర్నేషనల్ బౌలింగ్ కాంగ్రెస్ అయింది.

నాకు బాగా నచ్చే మనిషి ఫ్లోరెటా మెక్‌కచన్. కొలరాడోలో ప్యూబ్లో అనే ఊరు. 1923లో, ముప్పై అయిదేళ్ల వయసులో మొదటిసారి బంతి పట్టింది. నాలుగేళ్లకి, 1927 డిసెంబర్‌లో, అప్పటికి దేశంలో పేరుమోసిన జిమ్మీ స్మిత్‌తో మూడు గేములాడి 704-697తో ఓడించింది. ఏడే పిన్నుల తేడా. ఆ తర్వాత ఊరూరా తిరిగి ఆడవాళ్లకి బౌలింగ్ నేర్పింది.

నేను నలభై రెండేళ్లకి మొదలెట్టా. ఇంట్లో "ఈ వయసులోనా" అన్నవాళ్లకి ఈవిడ కథే చెప్తా.

బెజవాడ_బుజ్జి
లతక్కా, మీ సగటెంత?

లత_సెయింట్‌లూయిస్
@బెజవాడ_బుజ్జి 151. నీది?

బెజవాడ_బుజ్జి
నెట్‌వర్క్ సరిగ్గా రావట్లేదక్కా, తర్వాత చెప్తా.

పాతకాగితాలు
లత గారు 1916 అన్నారు కాబట్టి ఇంకోటి చెప్పక తప్పదు. అదే సంవత్సరం మగవాళ్ల కాంగ్రెస్ తన నియమావళిలో సభ్యత్వం తెల్లజాతి మగవాళ్లకే అని రాసుకుంది. అంగుళాలూ పౌన్లూ రాసుకున్న నియమావళిలోనే ఈ ముక్క కూడా. ఆడవాళ్ల సంఘంలోనూ తెల్లవాళ్లకే చోటు. నల్లవాళ్లు లీగులు పెట్టుకున్నా గుర్తింపు లేదు, జాతీయ టోర్నమెంట్‌లోకి అడుగు పెట్టనివ్వలేదు. 300 కొట్టినా కొట్టనట్టే.

దాంతో 1939లో డెట్రాయిట్‌లో నేషనల్ నీగ్రో బౌలింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు, అప్పట్లో వాడుకలో ఉన్న పేరు అది. వాళ్లు మాత్రం ఎవరినీ బయట నిలబెట్టలేదు. జపాన్ మూలాలున్న అమెరికన్లు యుద్ధకాలంలో నిర్బంధ శిబిరాల్లో మగ్గి బయటికొచ్చాక, వాళ్లకీ ఇదే తలుపు మూసి ఉంది. 1947లో సాల్ట్ లేక్ సిటీలో సొంత టోర్నమెంట్ మొదలెట్టారు.

పెంకులాట
మా ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నా చిన్నతనం దాకా ఉంది. చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

గచ్చిబౌలర్
ఇది నాకు అసలు తెలీదు. ఎప్పుడు తీసేశారు?

పాతకాగితాలు
1950లో. ఊరికే మనసు మారి తీసేయలేదు. కార్ల ఫ్యాక్టరీల కార్మిక సంఘం యూఏడబ్ల్యూ ముందు నిలబడింది. వాళ్ల సభ్యుల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే షిఫ్టులో పక్కపక్కన పని చేస్తారు, సాయంత్రం ఒకే లీగ్‌లో ఆడదామంటే రూలు అడ్డం. 1947లో ఫెయిర్ ప్లే కమిటీ ఒకటి వేశారు. తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడైన హ్యూబర్ట్ హంఫ్రీ, అప్పుడు మిన్నియాపొలిస్ మేయర్, అందులో ముందున్నాడు. కొన్ని రాష్ట్రాల్లో కోర్టు కేసులు పడ్డాయి. ఇక తప్పక ఆ వాక్యం కొట్టేశారు. 1951లో డెట్రాయిట్ నుంచి నల్లవాళ్ల టీమ్ మొదటిసారి జాతీయ టోర్నమెంట్‌లో ఆడింది.

మిల్వాకీ_మావయ్య
నేను వచ్చిన కొత్తలో మా లీగ్‌లో ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవాడు, ఫౌండ్రీలో చేసి రిటైరయ్యాడు. ఈ సంగతి నేను కాగితాల్లో చదవలేదు, ఆయన నోటే విన్నా. కుర్రాడిగా ఉన్నప్పుడు లేన్ అవతలి చివర పిన్నులు నిలబెట్టే పని ఇచ్చేవాళ్లట, ఇవతలి చివర బంతి వేయనిచ్చేవాళ్లు కాదట. కోపంగా కూడా చెప్పలేదు. చెప్పి, లేచి వెళ్లి ఒక్క బంతికి పదీ పడగొట్టి, స్ట్రైక్ కొట్టి వచ్చాడు.

స్లిప్‌లో_ఫీల్డర్
ఇప్పటిదాకా వెటకారం చేశా, ఇది చదివాక ఆగిపోయా.

కోడ్_కూలీ
పిన్నులు చేత్తో పెట్టడం ఎప్పుడు పోయింది?

మిల్వాకీ_మావయ్య
@కోడ్_కూలీ ఆటోమేటిక్ మెషీన్‌ని ఏఎంఎఫ్ కంపెనీ 1946లో బఫెలోలో జరిగిన జాతీయ టోర్నమెంట్ దగ్గర జనానికి చూపించింది. 1950ల మొదట్లో లేన్లలోకి వచ్చింది. అంతకుముందంతా కుర్రాళ్లే. బంతి వచ్చేటప్పుడు పక్కనున్న గట్టు మీదికి ఎగిరి కూర్చోవాలి, పిన్నులు ఎగిరి మోకాళ్లకి తగిలేవి.

మా ఊళ్లో హోలర్ హౌస్ అని ఒక బార్ ఉంది. దాని నేలమాళిగలో రెండే లేన్లు, 1908 నాటివి. ఇప్పటికీ చేత్తోనే పెడతారు. ఒకసారి వెళ్లా. పైకప్పు ఎంత కిందికి ఉందంటే బంతి వెనక్కి ఊపితే దూలానికి కొట్టుకుంటుందేమోనని భయం. నాతో వచ్చినాయన బంతి వేలి బెజ్జంలో డాలరు నోటు మడిచి దూర్చి దొర్లించాడు. అవతలి కుర్రాడికి టిప్పు అదే. నోటు తీసుకుని బంతి వెనక్కి పంపాడు.

గచ్చిబౌలర్
హమ్మయ్య, నా నాలుగో బెజ్జానికి ఉపయోగం దొరికింది!!

పాతకాగితాలు
బెజ్జాల మాటొచ్చింది కాబట్టి, మొదట్లో చాలా బంతులకి రెండే ఉండేవి, బొటనవేలికి, నడిమివేలికి. 1905లో రబ్బరు బంతి వచ్చింది, 1914లో బ్రన్స్‌విక్ కంపెనీ వాళ్ల మినరలైట్ అనే బంతి వచ్చింది. మీ అదనపు బెజ్జం బరువు సర్దడానికి తొలిచింది. బంతి ఒకవైపు బరువెక్కితే అది దొర్లేటప్పుడు కావలసినట్టు వంపు తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికే డోడో అనే తక్కెడ ఉంది. బరువుల మీద పోట్లాట నిన్నమొన్నటిది కాదు.

రాజమండ్రి_రాంబాబు
మా కూరగాయల మార్కెట్‌కి ఒక డోడో పంపించండి ప్లీజ్.

శాన్‌ఆంటోనియో_శీను
ప్రపంచమంతా ఇదే రూలా?

పాతకాగితాలు
@శాన్‌ఆంటోనియో_శీను కాదు. జర్మన్లు 1885లోనే డ్రెస్డెన్‌లో తమ తొమ్మిది పిన్నుల ఆటకి సంఘం పెట్టుకున్నారు, అమెరికా వాళ్ల కంటే పదేళ్లు ముందు. కెనడాలో అయిదు పిన్నుల ఆట ఉంది, 1909 ప్రాంతంలో టొరంటోలో టామీ ర్యాన్ కనిపెట్టింది. అంతర్జాతీయ సమాఖ్య 1952లో వచ్చింది, మొదటి ప్రపంచ పోటీలు 1954లో హెల్సింకీలో.

లత_సెయింట్‌లూయిస్
@గచ్చిబౌలర్ మీరు అర్వింగ్‌లో ఉండి ఇక్కడ అడుగుతున్నారేంటి? మగవాళ్ల, ఆడవాళ్ల, పిల్లల సంఘాలన్నీ 2005లో ఒకటయ్యాయి. ఆఫీసు మిల్వాకీ వైపు నుంచి 2008లో మీ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌కి మారింది. మా ఊళ్లో ఉన్న బౌలింగ్ మ్యూజియాన్నీ అక్కడికే పట్టుకుపోయారు. మాకింకా ఆ కడుపుమంట ఉంది.

మిల్వాకీ_మావయ్య
మాకూ ఉందమ్మా.

గచ్చిబౌలర్
అప్‌డేట్. శనివారం పిల్లల్ని తీసుకుని ఆ మ్యూజియానికి వెళ్లొచ్చా, ఇరవై నిమిషాల దూరం. పాత బంతుల ముందు మా చిన్నాడు నిలబడి "నాన్నా, నీ బంతి కూడా ఇక్కడ పెట్టేద్దామా" అన్నాడు.

వచ్చేటప్పుడు బౌలింగ్ సామాన్ల ప్రో షాపులో ఆ నాలుగో బెజ్జం పూడ్చమని ఇచ్చా. బంతి పది డాలర్లు, పూడ్చడానికి నలభై. గురువారం పెద్దాయన మళ్లీ ఒళ్లో పెట్టుకుని తిప్పాడు, పూడ్చిన చోట బొటనవేలితో రెండుసార్లు రాశాడు, తలూపాడు. జో థమ్ పేరెత్తితే ఆయన మొహం వెలిగిపోయింది, నా వంతు వచ్చిందని అవతలి టీమ్ వాళ్లు అరిచేదాకా వదల్లేదు.

బెజవాడ_బుజ్జి
స్కోరు చెప్పు.

గచ్చిబౌలర్
@బెజవాడ_బుజ్జి ముందు నీ సగటు చెప్పు.